పెళ్ళికళ, బ్లాక్ అండ్ వైట్‌లో

సందీప్ తన పెళ్ళి ఫొటోలు మొదటిసారి చూసుకున్నది చైతన్యపురి సందులో, ఉపేంద్ర స్టూడియోలో, గోడకు బిగించిన పెద్ద టీవీ మీద. తన ముక్కును తాను అంత సైజులో చూసుకోవాల్సిన గతి ఏ మగవాడికీ పట్టకూడదని ఆ క్షణాన అనుకున్నాడు.

ముక్కు ఎర్రగా ఉంది. బుగ్గలు అంతకన్నా ఎర్రగా ఉన్నాయి. బాసికం కింద నుదురు ఎలా ఉందో కనపడలేదు కాబట్టి ఆ బాసికానికి మనసులోనే ఒక దండం పెట్టాడు.

"ఎలా వచ్చాయి సార్?" అన్నాడు ఉపేంద్ర. పెళ్ళికి ఫొటోలు తీసింది అతనే, ఇప్పుడు ఆల్బమ్ చేస్తున్నదీ అతనే.

"మస్తొచ్చినయ్ అన్నా," అన్నాడు సందీప్.

పక్క కుర్చీలో అతని భార్య ఉదయలక్ష్మి కూర్చుని ఉంది. పెళ్ళై పందొమ్మిది రోజులు. అందులో కలిసి ఉన్నది పన్నెండు రోజులే. ఆషాఢం వచ్చిందని ఆమెను దిల్‌సుఖ్‌నగర్‌లో పుట్టింటికి పంపేశారు. కొత్త కోడలు అత్తగారితో ఒక గడపలో ఉండకూడదు, కొత్త అల్లుడు అత్తారింటి గడప తొక్కకూడదు. సందీప్ వాళ్ళది తరాలుగా మన్సూరాబాద్. ఉదయ వాళ్ళు ముప్ఫై ఏళ్ళ కిందట బాపట్ల నుంచి వచ్చినవాళ్ళు. పెళ్ళిలో పప్పు ఎలా వండాలి, ఎదురుకోళ్ళు ఎక్కడ పెట్టుకోవాలి, చివరికి వియ్యంకుళ్ళు ఏ సోఫాలో కూర్చోవాలి, అన్నిటి దగ్గరా రెండు వైపులా పేచీ వచ్చింది. ఈ ఆషాఢం ఒక్కదాని దగ్గరే ఇరుపక్షాలూ వెంటనే తలూపాయి. తన ఖర్మ కాకపోతే ఏకాభిప్రాయం ఇక్కడే కుదరాలా అని సందీప్ ఏడవలేక నవ్వాడు.

ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కితే మూడో స్టేషన్ దిల్‌సుఖ్‌నగర్. మూడు స్టేషన్ల విరహం అని ఎవరికైనా చెప్పుకుంటే నవ్వుతారు. అందుకే ఎవరికీ చెప్పలేదు. ఆల్బమ్ సెలెక్షన్ అర్జెంటని అబద్ధమాడి, ఫొటో స్టూడియోకు గడప పట్టింపు లేదని వాళ్ళమ్మ ఇంద్రమ్మను ఒప్పించి, ఇదిగో ఇలా వచ్చి భార్య పక్కన కూర్చున్నాడు. తీరా వచ్చాక ఎదురైంది ఈ ముక్కు.

ఈ ముక్కు వెనక ఒక కథ ఉంది. అది ఉదయకు తెలియదు. తెలియకూడదు కూడా.

ఉదయ బ్యాంకు పరీక్షలకు చదివే పిల్లలకు కోచింగ్ సెంటర్లో రీజనింగ్ చెబుతుంది. ఏదైనా సూటిగా అడుగుతుంది. పెళ్ళిచూపుల రోజు డాబా మీదకు వెళ్ళగానే అడిగేసింది.

"నేను చామనఛాయ. ఇప్పటికి ముగ్గురు చూసి వెళ్ళారు. అందులో ఇద్దరు వెళ్తూ వెళ్తూ ఏదో క్రీము పేరు చెప్పారు. నేను ఏ క్రీమూ రాయను. ఇబ్బందుంటే ఇప్పుడే చెప్పేయండి."

"నాకు గా రంగుల పట్టింపు లేదండి," అన్నాడు సందీప్. అక్కడితో ఆగితే ఏ గొడవా ఉండేది కాదు. ఆగలేదు. "నేను గూడ మొఖానికి నీళ్ళు, సబ్బు తప్ప ఏం పెట్టను."

ఆమె అప్పుడు మొదటిసారి నవ్వింది. ఆ మాటకే ఒప్పుకున్నానని తర్వాత ఒకసారి చెప్పింది కూడా.

ఆ మాట నిజమే. పెళ్ళికి ముందు రోజు సాయంత్రం నాలుగింటి దాకా నిజమే.

నిశ్చితార్థం ఫొటోలు వచ్చినప్పుడు పట్టుకుంది అతనికి దిగులు. ఆవపువ్వు రంగు పట్టుచీరలో ఉదయ ఎంత బాగుందంటే, పక్కన నిలబడ్డవాడు షామియానా వేయడానికొచ్చి పొరపాటున ఫొటోలో పడ్డట్టున్నాడు. తుర్కయంజాల్‌లో ప్లాట్లమ్మే నాన్న వెంకటేశ్వర్లుతో పాటు ఎండలో తిరిగీ తిరిగీ, అతని నుదురు ఒక రంగు, బుగ్గలు ఒక రంగు, మెడ ఇంకో రంగు. ఈ దిగులు స్నేహితుడు చంటితో చెప్పుకోవడం సందీప్ చేసిన రెండో పెద్ద తప్పు. చంటి చెప్పింది వినడం మొదటిది.

"గోల్డ్ ఫేషియల్ చేపిచ్చుకో మామా. స్టేజి మీద లైట్లే అవసరం పడయ్," అన్నాడు చంటి.

పార్లర్‌లో ఏదో పూశారు, ఆవిరి పట్టారు, మళ్ళీ ఏదో పూశారు. "మండుతోందా సార్? మండితే పనిచేస్తున్నట్టే," అంది అక్కడి అమ్మాయి. అది చాలా బాగా పనిచేసింది. తెల్లారి అద్దంలో చూసుకుంటే పండుమిరపకాయ తలపాగా చుట్టుకున్నట్టు ఉన్నాడు.

పెళ్ళిలో ఎవరూ ఏమీ అడగలేదు. "మావోని మొఖంల పెళ్ళికళ జూడుండ్రి," అని ఇంద్రమ్మ వచ్చినవాళ్ళందరికీ చూపించి, రెండుసార్లు దిష్టి తీసింది. ఉదయ మాత్రం మర్నాడు మెల్లగా అడిగింది.

"మీకు అంత సిగ్గా? పెళ్ళంతా ఎర్రగా కందిపోయి కూర్చున్నారు."

కాదని చెప్పడానికి సందీప్ నోరు తెరిచాడు. ఆమె కళ్ళలో ఉన్న ముచ్చట చూసి మూసుకున్నాడు. మళ్ళీ తెరిచి, "ఔ, నాకు జర సిగ్గెక్కువ," అన్నాడు. అలా ఒక అబద్ధానికి ఇంకో అబద్ధం తోడైంది.

ఇప్పుడు ఆ రెండూ కలిసి టీవీ మీద మెరుస్తున్నాయి. ఇంకాసేపు చూస్తే, రీజనింగ్ చెప్పే మనిషి, ఇది సిగ్గు కాదని తేల్చేస్తుంది. సందీప్‌కు చెమట పట్టింది. ఆ చెమటలోనే ఐడియా వచ్చింది.

"ఉపేంద్రన్నా, గీ జీలకర్ర బెల్లం ఫొటో బ్లాక్ అండ్ వైట్ చేద్దాం."

"జీలకర్ర బెల్లమా సార్?"

"ఔ. తాళి కట్టేది గూడ. తలంబ్రాలు గూడ. రంగులుంటే చూపు రంగుల మీదికి పోతది, మనుషుల మీదికి రాదు. బ్లాక్ అండ్ వైట్ల ఎమోషన్ ఉంటది. టైమ్‌లెస్ ఉంటది." ఈ ముక్క అతను ఎప్పుడో ఫోన్లో ఏదో వీడియోలో విన్నాడు. ఇంత పనికొస్తుందనుకోలేదు.

ఉదయ అతని వైపు తిరిగింది. "పసుపుతాడు, మధుపర్కాల ఎర్ర అంచు, ఇవన్నీ బూడిద రంగులో ఉంటే బాగుంటుందా?"

"గదే ఆర్ట్ ఉదయా."

"మరి నేనొక్కదాన్నే ఉన్నవి?"

"నీయి కలర్లనే ఉండాలె. మస్తున్నవ్."

"మీరొక్కరే ఉన్నవి?"

"నాయెందుకు, తీసెయ్ అన్నా. పెళ్ళంటే పెళ్ళిపిల్లదే."

ఉదయ చేతిలో ఉన్న కాగితం మీద గీతలు పెట్టుకుంటూ పోయింది. ఆమె ఒక్కతే ఉన్నవి రంగుల్లో. అతనొక్కడే ఉన్నవి చెత్తబుట్టలో. ఇద్దరూ పక్కపక్కన దగ్గరగా ఉన్నవి పద్నాలుగు. పద్నాలుగూ బ్లాక్ అండ్ వైట్.

ఉపేంద్ర మంచి మనిషి, కాకపోతే ఖాళీగా ఉన్న నిమిషాన్ని మాటలతో నింపకుండా ఉండలేడు. "మంచి ఐడియానే సార్. మేడం కొంచెం డార్క్ కదా, మీ పక్కన కలర్లో తేడా కొట్టొచ్చినట్టు కనపడుద్ది. ఇలాగైతే కలిసిపోద్ది," అన్నాడు.

ఆ సమయానికి సందీప్ తాళి కట్టే ఫొటోలో తన చెవిని చూస్తున్నాడు. చెవి కూడా ఎర్రగానే ఉంది. చెవికెప్పుడు పూశారో అతనికి ఎంతకీ గుర్తు రాలేదు. ఉపేంద్ర ఏదో అన్నాడని మాత్రం తెలిసింది.

"ఆఁ ఆఁ, గట్లనే చెయ్యన్నా," అన్నాడు.

ఉదయ కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుని లేచింది. "నాకు క్లాసుంది."

బయట వాన మొదలైంది. "గొడుగుందా?" అని వెనకాలే వెళ్ళి అడిగాడు.

"ఉంది సందీప్ గారూ," అంది ఆమె. పెళ్ళయ్యాక ఆమె అతన్ని గారూ అని పిలవడం అదే మొదటిసారి. భర్త అంటే గౌరవం పెరిగినట్టుందని సందీప్ మురిసిపోయాడు.

*

ఆ గౌరవం ఏమిటో రెండు రోజుల్లో తెలిసొచ్చింది. మెసేజ్ పెడితే సాయంత్రానికి జవాబు. ఆ జవాబు కూడా ఒక్క ముక్కే.

ఏదో తప్పు చేశానని అర్థమైంది గానీ, ఏ తప్పో అర్థం కాలేదు. అందుకని తోచిన తప్పులన్నిటికీ వరసగా క్షమాపణ చెప్పుకుంటూ పోయాడు. స్టూడియో దగ్గర మిర్చీ బజ్జీ తినిపించనందుకు సారీ. పర్లేదండీ అని వచ్చింది. వానలో మెట్రో దాకా దింపనందుకు సారీ. పర్లేదండీ. ఉపేంద్ర ముందు మస్తున్నవ్ అన్నందుకు సారీ. ఈసారి పర్లేదండీ కూడా రాలేదు.

పదో రోజు ఇంద్రమ్మ కొడుకును వంటింట్లోకి పిలిచింది.

"శ్రావణం మొదటి శుక్రవారం రా బిడ్డా అని కోడలికి ఫోన్ జేస్తే, బ్యాచులున్నయి అత్తయ్యా, చూస్తాను అంటుంది. ఏం జేసినవ్ రా?"

"ఏం జేయలే అమ్మా."

"మీ నాయిన గూడ ముప్ఫై ఏండ్ల సంది గిదే జెప్తడు, ఏం జేయలే అని," అంది ఇంద్రమ్మ. "పో, అడుగు."

పన్నెండు రోజుల్లో ఆ ఇల్లు ఉదయకు ఎంత అలవాటు పడిపోయిందో సందీప్‌కు ఇప్పుడు తెలుస్తోంది. అన్నం తింటుంటే ఆమె రీజనింగ్ లెక్కలోలా మాటల్లోనే ఎనిమిది మందిని గుండ్రంగా కూర్చోబెట్టి, ఎవరి పక్కన ఎవరని లెక్క అడిగేది. అతను ఒక్కసారీ సరిగ్గా చెప్పలేదు. ఇప్పుడు పళ్ళెం ముందు కూర్చుంటే ఆ ఎనిమిది మందీ గుర్తొస్తున్నారు, మెతుకు దిగడం లేదు. ఆమె రాకపోతే ఎలా బతకాలో అతనికి నిజంగానే తెలియలేదు.

మర్నాడు ఫోన్ చేశాడు. ఆమె ఎత్తింది.

"చూపుల రోజు మీరు ఒక మాటన్నారు. ఆ మాట నమ్మి నేను ఈ పెళ్ళి చేసుకున్నాను. అది అబద్ధమని స్టూడియోలో తెలిసింది. శ్రావణంలో ఏ మొహంతో రావాలో నాకు తెలియట్లేదు," అంది. ఫోన్ పెట్టేసింది.

ఇక అయిపోయిందనుకున్నాడు సందీప్. తెలిసిపోయింది. ముక్కు చూసి ఫేషియల్ కనిపెట్టేసింది. వెంటనే చంటికి ఫోన్ చేశాడు.

"ఒక్క ఫేషియల్‌కు కాపురానికి రానంటదారా?" అన్నాడు చంటి.

"సబ్బు తప్ప మొఖానికి ఏం పెట్టనని చెప్పిన మామా. గా మాటకే ఒప్పుకుంది."

"గట్లెందుకు చెప్పినవ్ రా," అన్నాడు చంటి, చాలా జాలిగా.

*

ఆ సాయంత్రమే దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళాడు. గడప తొక్కకూడదు కాబట్టి కోచింగ్ సెంటర్ మెట్ల కింద, టీ బండి పక్కన నిలబడ్డాడు. గొడుగు మరిచిపోయాడు. వాన మాత్రం మరిచిపోకుండా వచ్చింది.

ఆరింటికి క్లాసు వదిలారు. నోట్‌బుక్కులు నెత్తిన పెట్టుకుని పిల్లలంతా పరిగెత్తాక, చివర్లో చుడీదార్ చున్నీకి చాక్‌పీసు మరకలతో ఉదయ దిగింది. అతన్ని చూసి ఆగిపోయింది.

ఎక్కడ మొదలుపెట్టాలో రెండు గంటలు ప్రాక్టీసు చేసుకొచ్చాడు. అంతా ఎగిరిపోయింది. "ఔ ఉదయా. నేను పోయిన. తప్పైంది," అన్నాడు.

"ఎక్కడికి?"

"పార్లర్‌కు."

"ఏ పార్లర్‌కు?"

"చంటిగాడు తీస్కపోయిండు. గోల్డ్ ఫేషియల్. మండితే పనిచేస్తున్నట్టే అన్నరు. మండింది. నాకేం తెల్సు తెల్లారి గట్లైతదని."

ఉదయ చేతిలో గొడుగు సగం తెరుచుకుని ఉండిపోయింది. టీ పోస్తున్నాయన కూడా పోయడం ఆపి వింటున్నాడు.

"ఆగండి," అంది. "మీ మొహం ఎర్రగా ఉందని బ్లాక్ అండ్ వైట్ చేయించారా?"

"మరింకెందుకు?"

ఆమె గొంతు బాగా తగ్గిపోయింది. "మీ పక్కన నేను నల్లగా కనపడతానని అనుకున్నాను. ఇద్దరం కలిసి ఉన్నవే తీసేశారు రంగు. ఉపేంద్ర అదే అన్నాడు, మేడం డార్క్ కదా అని. మీరేమో గట్లనే చెయ్యన్నా అన్నారు."

"ఎప్పుడన్నడు?"

"మీ ముందే."

"నేను చెవి చూసుకుంటున్న ఉదయా."

"ఏ చెవి?"

"నా చెవే. గదిగూడ ఎర్రగుండె."

నవ్వు రావాల్సిన చోటే గానీ ఇద్దరికీ రాలేదు. పదకొండు రోజులుగా ఈమె ఈ మాట మోస్తూ తిరిగిందని అప్పుడు తట్టింది సందీప్‌కు. తను మిర్చీ బజ్జీకి సారీ చెబుతున్నప్పుడల్లా ఆమె లోపల ఇది ఉంది. తన మీద తనకే అసహ్యం వేసింది, కళ్ళు మండాయి. ఈ మంట దేనికీ పనిచేయదు.

"నీ పక్కన నేను బాగుండనని పోయిన. నువ్వు బాగుండవని కాదు," అన్నాడు. "నిశ్చితార్థం ఫొటోల నిన్ను జూస్తే భయమైంది నాకు. గింత మంచిగున్న పిల్ల పక్కన వీడెవడని అంటరనుకున్న. రంగుల పట్టింపు లేదన్నది నిజం. సబ్బు తప్ప ఏం పెట్టనన్నదే అబద్ధమైంది. కావాలంటే గది తీసేసి మిగిలింది నమ్ము."

ఉదయ తల వంచుకుని గొడుగు పూర్తిగా తెరిచింది. అతని నెత్తి మీదకు జరిపింది. పెదవులు వణుకుతున్నాయి. ఏడుపో నవ్వో అతనికి తెలియలేదు. ఇంతలో ఆమెకు ఏదో గుర్తొచ్చి తల ఎత్తింది.

"అయితే ఆ సిగ్గు?"

సందీప్ టీ బండి వైపు చూశాడు.

"పెళ్ళంతా కందిపోయారు, అది?"

"ఫేషియలే."

"మా అమ్మకు చెప్పాను, స్టాఫ్‌రూమ్‌లో అందరికీ చెప్పాను, మా ఆయన సిగ్గరి అని. మీరు నాకు నచ్చిందే అక్కడ సందీప్ గారూ."

ఈసారి గారూ అంటే ఏమిటో అతనికి బాగానే అర్థమైంది. "నిజం సిగ్గు గూడ ఉండె," అన్నాడు బతిమాలుతూ. "లోపట ఉండె. పైన ఫేషియల్ ఉండేసరికి కనపడలే."

ఉదయ ఒక్క నిమిషం ఆలోచించింది. క్లాసులో కష్టమైన లెక్క బోర్డు మీద రాసి, ఎటు నుంచి మొదలుపెట్టాలా అని చూసే చూపు అది.

"స్టూడియోకు పదండి," అంది.

*

ఉపేంద్ర వాళ్ళను చూసి సంబరపడ్డాడు. ఆల్బమ్ మొదటి పేజీ అప్పటికే తయారు చేసి ఉంచాడు. టీవీ మీద నిశ్చితార్థం నాటి ఆవపువ్వు రంగు చీరలో తెల్లగా ఎవరో నవ్వుతున్నారు.

"గీమె ఎవరన్నా?" అన్నాడు సందీప్.

"మేడమే సార్. కొంచెం బ్రైట్ చేశాను. అందరికీ చేస్తాం."

"మా ఆవిడ గిట్లుండది. తీసెయ్యి. ఉన్నది ఉన్నట్లుండాలె." అనుకున్నదాని కన్నా గట్టిగానే వచ్చింది గొంతు. ఉపేంద్ర మౌసు నొక్కాడు. ఉదయ తన రంగులోకి తాను వచ్చింది. ఆమె సందీప్ వైపు ఒకసారి చూసి, మళ్ళీ టీవీ వైపు తిరిగింది.

"ఆ పద్నాలుగూ పెట్టండి. ఒక్కొక్కటీ రంగు తీసి చూపించండి," అంది.

"మళ్ళా బ్లాక్ అండ్ వైటా?" అన్నాడు సందీప్ దిగులుగా.

"రంగు తీసేస్తే ఫేషియల్ పోతుంది. అప్పుడు కూడా సిగ్గు కనపడితే అది నిజం."

సందీప్ చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఇంటర్ రిజల్ట్స్ రోజు కూడా ఇంత భయపడలేదు. ఆ రోజు కనీసం ఫెయిలైతే రాసుకోవడానికి సప్లిమెంటరీ ఉండేది.

జీలకర్ర బెల్లం వచ్చింది. "ఇది భయం," అంది ఉదయ. తర్వాతది చూసి, "ఇదేంటి, దిగులా?" అంది.

"ఆకలి. పొద్దుగాల నుంచి ఏం పెట్టలే."

తాళి కట్టేది వచ్చింది. అందులో ఏదో గొణుగుతున్నట్టు అతని పెదవులు సగం తెరుచుకుని ఉన్నాయి. "మంత్రమా?"

"ముళ్ళు లెక్కపెట్టుకుంటున్న. రెండేస్తినా మూడేస్తినా అని."

తలంబ్రాల్లో అతని కంట్లో బియ్యం పడ్డాయి. అప్పగింతల్లో ఏడుస్తున్నవాళ్ళను చూసి తను కూడా ఏడవాలా వద్దా అని చూస్తున్నాడు. ఒక్కొక్కటే పోతోంది. ఉదయ ఒక్కోదానికీ కాగితం మీద అడ్డగీత కొడుతోంది. పదమూడు గీతలయ్యాయి. ఉపేంద్ర కూడా జాలిగా చూడటం మొదలుపెట్టాడు.

పద్నాలుగోది బిందెలో ఉంగరం తీసే ఆట. ఇద్దరి చేతులూ పసుపునీళ్ళ బిందెలో ఉన్నాయి. రంగు తీసేశాక అంతా నలుపూ తెలుపూ. సందీప్ బిందెలోకి కూడా చూడటం లేదు. తల వంచి, పెదవి పళ్ళ కింద నొక్కుకుని, నవ్వు ఎక్కడ దాచాలో తెలియక పక్కకు తిరిగాడు. ఎటు చూడాలో తెలియని ఆ కళ్ళు మాత్రం దొంగతనంగా పక్కనున్న ఆమె వైపే ఉన్నాయి.

ఉదయ కలం ఆగిపోయింది.

"ఇక్కడేమైంది?" అంది మెల్లగా.

"ఉంగరం అనుకోని నువ్వు నా వేలు పట్టుకున్నవ్," అన్నాడు సందీప్. ఉపేంద్ర వింటున్నాడని గుర్తొచ్చి గొంతు తగ్గించాడు. "జరసేపు ఇడిచిపెట్టలే."

ఉదయ టీవీ వైపే చూస్తూ, "ఉంగరం నాకు అంతకుముందే దొరికింది," అంది.

ఆ మాట అర్థం కావడానికి సందీప్‌కు కొంత సమయం పట్టింది. రీజనింగ్‌లో అతను మొదటి నుంచీ వీకే.

"అంటే నువ్వు గూడ అబద్ధమే."

"అబద్ధం కాదు. మీరు అడగలేదు," అని, ఉపేంద్ర వైపు తిరిగింది. "ఇదొక్కటి బ్లాక్ అండ్ వైట్ చేయండి. మిగతా పదమూడూ కలర్లోనే ఉండనివ్వండి. ఈయన ఒక్కరే ఉన్నవి కూడా చెత్తబుట్టలోంచి తీయండి."

"నా ముక్కు?" అన్నాడు సందీప్.

"ముక్కు కూడా."

*

శ్రావణం మొదటి శుక్రవారం పొద్దున్నే ఉదయ మన్సూరాబాద్ వచ్చేసింది. ఆ పద్నాలుగో ఫొటో ఫ్రేము కట్టుకుని ముందే వచ్చి హాల్లో గోడకెక్కింది. ఇంద్రమ్మ వాయనం పళ్ళెం పక్కన పెట్టి, కళ్ళద్దాలు సర్దుకుని ఫ్రేము దగ్గరికి వెళ్ళింది.

"గన్ని ఫొటోలుంటే రంగు లేంది పెట్టిండ్రేంది బిడ్డా?"

టైమ్‌లెస్ అని చెప్పబోయి సందీప్ నోరు మూసుకున్నాడు. "నీ కోడల్నే అడుగమ్మా."

"రంగు లేకపోయినా మీ అబ్బాయి కందిపోయారని తెలుస్తోంది కదా అత్తయ్యా," అంది ఉదయ.

ఇంద్రమ్మ ఫొటో చూసింది. తర్వాత వెనక్కి తిరిగి కొడుకును చూసింది. "గిప్పుడు గూడ గట్లనే ఐతున్నడు," అంది.

సందీప్ చెవులు తడుముకున్నాడు. నిజంగానే వెచ్చగా ఉన్నాయి. ఈసారి ఎక్కడికీ పోలేదన్నట్టు ఉదయ వైపు చూసి తల అడ్డంగా ఊపాడు.

"తెలుసు," అంది ఆమె. అత్తగారు చూడకుండా అతని చిటికెన వేలు పట్టుకుంది.